నడుం నొప్పి తపస్సు అవుతుందా?

ఆపరేషన్ థియేటర్ సిబ్బందికి నడుం నొప్పి ఎక్కువగా కదలకుండా వంగి నిలబడటం వల్ల వస్తుంది. కోత అంచులను పక్కకు లాగి ఉంచే రిట్రాక్టర్ పట్టుకున్న సహాయకుడు గంటసేపైనా అదే భంగిమలో ఉండాలి. స్క్రబ్ నర్సు చేతులు ముందుకు చాచి, నడుం పక్కకు తిప్పి పనిముట్లు అందిస్తుంది. అలా బిగబట్టిన కండరాలకు రక్తం చాలినంత అందక అవి త్వరగా అలిసిపోతాయి. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుల మీదా భారం పెరుగుతుంది. నిటారుగా ఉన్నప్పటికంటే ముందుకు వంగినప్పుడు డిస్కులో ఒత్తిడి బాగా ఎక్కువని స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ 1960లలో సూదితో కొలిచి చూపాడు. ఎముకల ఆపరేషన్లలో ఎక్స్‌రే నుంచి రక్షణకు వేసుకునే సీసపు ఏప్రన్ బరువు దీనికి తోడవుతుంది. మత్తులో ఉన్న రోగిని స్ట్రెచర్ నుంచి బల్ల మీదికి మార్చే వార్డ్ బాయ్ నడుముకు ఒక్కసారిగా బరువెత్తడం వల్ల దెబ్బ తగులుతుంది.

పరుల ప్రాణం కోసం పడే ఈ బాధను తపస్సుగా భావించేవారున్నారు. విజయవాడలో ఆ పోలిక తేలిగ్గా తోస్తుంది. వన్ టౌన్‌ను ఆనుకొని ఉన్న ఇంద్రకీలాద్రి మీదే అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడని ఇక్కడి నమ్మకం. కాలి వేళ్ల మీద, చేతులెత్తి నిలబడ్డాడని భారతం చెబుతుంది. అయితే ఆ నిలుపు అర్జునుడు తానుగా ఎంచుకున్నది, అదే అతని సాధన. నర్సు వంగడం చాలాసార్లు బల్ల ఎత్తు వేరొకరికి సరిపెట్టినందువల్ల. ఆమె నడుం నొచ్చినంత మాత్రాన రోగి గాయం ముందుగా మానదు.

భగవద్గీత ఈ విషయాన్ని రెండు వైపుల నుంచీ చూస్తుంది. ఒళ్లు కష్టపడుతుందన్న భయంతో కర్మను వదిలేయడం రాజస త్యాగమని పద్దెనిమిదో అధ్యాయం అంటుంది. మూఢమైన పట్టుదలతో దేహాన్ని హింసించే తపస్సు తామసమని పదిహేడో అధ్యాయం అంటుంది. రక్తస్రావం ఆగని క్షణంలో నడుం సర్దుకోవాలని చేయి వదలకూడదు. అక్కడ ఓర్చుకోవడం నిజంగా ధర్మమే. తప్పించగల నొప్పిని రోజూ మోయించడం మాత్రం ఆ ధర్మం కిందికి రాదు. ఆ బాధ్యత మోసేవారిది కాదు, మోయించే ఆసుపత్రిది.

తప్పించే మార్గాలు పెద్ద ఖర్చువి కావు. సాధారణ ఆపరేషన్‌లో బల్ల మోచేతి ఎత్తుకు దగ్గరగా ఉండాలి. లాప్రోస్కోపీలో పనిముట్లు పొడవు కనుక ఇంకా కిందికి దించాలి. జట్టులో పొడగరికి తగ్గట్టు బల్ల పెట్టి, పొట్టివారికి మెట్టుపీట వేయవచ్చు. రోగిని మార్చడానికి జారే షీటు, నలుగురు మనుషులు కావాలి. సుదీర్ఘమైన ఆపరేషన్‌లో రిట్రాక్టర్ పట్టే చేయి మారాలి. వీటన్నిటికంటే కష్టమైనది వేరే ఉంది: బల్ల సరిచేయమని చిన్న ఉద్యోగి పెద్ద సర్జన్‌ను అడగగలగాలి. అలా అడిగే వీలును మొదటి కోత పడకముందే, ఆ సర్జనే కల్పించాలి.