మూడో బోల్టు కాడ

వింజమూరులో ఒక బావ, ఒక బావమరిది. ఇద్దరికీ బండలెక్కడం ప్రాణం. భువనగిరి గుట్ట మీద తాళ్లతో ఎక్కే విద్య నేర్చుకుని వచ్చారు. ఊరికి పడమరగా, ఉదయగిరి వైపు కొండల్లో ఒక నిట్టనిలువు బండను బావ చూసిపెట్టుకున్నాడు. ముళ్లపొదలు కొట్టి, నాచు గీకి, బోల్టులు బిగించాడు. రోహిణీ కార్తె ఎండలో వేళ్లు చెమటకు జారుతున్నా వదలకుండా చివరికి పైకి చేరాడు. దిగివచ్చి కిందనున్న రాతి మీద సుద్దతో, దారి ఎంత కష్టమో చెప్పే అంకె, అంటే గ్రేడు, 7ఏ అని రాశాడు.

పుష్యమాసంలో బావమరిది ఎక్కాడు. ఆరడుగుల మనిషి. తెల్లవారుజాము చలికి రాయి చేతికి బాగా అంటుతోంది. రెండో ప్రయత్నానికే పైనున్న గొలుసు అందుకున్నాడు.

"ఏంది బావా, దీనికి ఏడా? 6బి గూడా గాదు."

"ఉదయగిరి కోట పట్టడానికి రాయలవారికి ఏడాది పైన పట్టిందిరా. దారి పడ్డాక ఎవరైనా ఎక్కతారు. పట్టు ఎక్కడుందో వెతికింది నేను."

"ఎవురు వెతికితే ఏంది? రాయి మారదు గదా!"

ఒకడు రాయడం, ఇంకొకడు చెరపడం. టీకొట్టు కాడ కూడా అదే వాదన. చివరికి బావ విసిగి ఊరుకున్నాడు. 6బి నిలిచింది.

సంక్రాంతి సెలవులకు బావమరిది చెల్లెలు వచ్చింది. భువనగిరిలో 6బి దారులు ఎక్కిన పిల్లే. రాతి మీది అంకె చూసి ధీమాగా తాడు కట్టుకుంది. మూడో బోల్టు కాడికి వచ్చేసరికి, అన్న నిలబడి అందుకున్న పట్టు ఆమె వేళ్లకు జానెడు దూరంలో ఉంది. పొట్టివాళ్లకు అక్కడ వేరే దారి ఉంది: ఎడమవైపు గోరంత అంచు మీద వేలికొసలు ఆనించి, కాలు నడుమెత్తుకు తెచ్చి, ఒక్క ఊపున లేవాలి. అది ఆమెకెవరూ చెప్పలేదు. వెతుకుతుండగానే ముంజేతులు బిగుసుకుపోయాయి. తాడు బోల్టుకు తగిలించకముందే జారింది. ఊగివచ్చి మడమ బండకు కొట్టుకుంది.

వాచిన కాలు పట్టుకుని ఆ పిల్ల అంది: "అన్నా, నువ్వు నీ చెయ్యి కొలిచావు. బావా, నువ్వు నీ చెమట కొలిచావు. బండ సంగతి నాకు చెప్పినోళ్లే లేరు."

కాలు నయమయ్యాక ముగ్గురూ ఒక్కో పట్టూ చూసుకుంటూ మళ్లీ ఎక్కారు. ఈసారి రాతి మీద ఇలా రాశారు: "6సి. మూడో బోల్టు కాడ పొట్టివాళ్లకు ఇంకా కష్టం, ఎడమ అంచు చూడండి. ఎండపూట వద్దు."

నీతి: కష్టాన్ని కొలిచే అంకె ఎక్కినవాడి గొప్పకు కాదు, వెనక వచ్చేవాడి క్షేమానికి.

మొదట ఎక్కినవాడు ఇచ్చే గ్రేడు ఒక ప్రతిపాదనే. తర్వాత ఎక్కినవాళ్ల మాట కలిస్తేనే అది కుదురుకుంటుంది. 2017లో నార్వేలోని ఫ్లాటాంగర్ గుహలో 'సైలెన్స్' దారి ఎక్కిన ఆడమ్ ఒండ్రా ప్రపంచంలో మొదటిసారి 9సి అన్నప్పుడు, అదీ ప్రతిపాదనే. అంకె పెంచి చెప్పడం కంటే తగ్గించి చెప్పడమే పెద్ద తప్పని నా అభిప్రాయం. పెంచితే ఒకడు వెనక్కి తిరిగిపోతాడు, అంతే. తగ్గిస్తే పడతాడు. "సులువే" అని తేల్చేసిన మాటలో ధైర్యం కంటే డాబే ఎక్కువ.

మలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్టు ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. ఆమె తర్వాత ఎందరో పిల్లలు చిన్న చేతులతో బండల మీదికి వస్తున్నారు. దారికి అంకె ఇచ్చేటప్పుడు మీ ఎత్తెంతో, ఏ నెలలో ఎక్కారో, ఎక్కడ జారారో అది కూడా వాళ్లకు చెప్పండి.