కంటియెదుటి గురువులు

ఆధ్యాత్మిక స్ఫూర్తి యనునది దేవాలయమునందును, గురుసన్నిధియందును, శాస్త్రగ్రంథములందును మాత్రమే లభించునా, లేక దినదినము మన కంటబడు సామాన్యవస్తువులందు, అనగా గోడనున్న చిత్రపటమునందు, పిల్లవాని చేతిలోని బొమ్మల పుస్తకమునందు, గూటిలోని కొయ్యబొమ్మయందు, తుదకు ముందుగదిలోని టెలివిజనునందు సయితము లభింపగలదా యన్న ప్రశ్న నేటి గృహస్థుని ముందు నిలిచియున్నది. దీనిని తేలికగా త్రోసివేయరాదు. ఏలయన, తెల్లవారినది మొదలు రాత్రి పరుండువఱకు ఉద్యోగముతోను, వంటయింటితోను, పిల్లల చదువులతోను పెనగులాడు సామాన్యునకు తీర్థయాత్ర యేటి కొక్కసారి సిద్ధించినను గొప్పయే; పురాణశ్రవణమునకు తీరిక చిక్కుట అంతకంటె అరుదు. అట్టివానికి దైవచింతన తన యింటి నాలుగు గోడల నడుమనే దొరకవలెను, లేదా దొరకకయే పోవలెను. దొరకుననియే నా దృఢవిశ్వాసము. అయితే అందులకు నియమ మొకటి గలదు; దానిని విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

భాగవతము ఏకాదశస్కంధమున ఒక అవధూత యదుమహారాజునకు తన గురువులను గూర్చి చెప్పిన వృత్తాంతము గలదు. ఆతనికి గురువులు 24 మంది. వారిలో ఆచార్యపీఠము నధిష్ఠించినవా డొక్కడును లేడు. భూమి, గాలి, జలము, సముద్రము, కొండచిలువ, సాలెపురుగు మొదలగువాని నడుమ ఒక పనివాడు గలడు. ఆతడు బాణములు చేయువాడు. బాణమును సరిచేయుటయందు ఆతని మనస్సు ఎంతగా లగ్నమైయుండెననగా, ప్రక్కనుండియే రాజు సాగిపోయినను ఆతడు గమనింపలేదు. ఆత్మయందు చిత్తమును నిలుపుట యెట్టిదో అవధూత ఆ పనివానివలన నేర్చుకొనెను. ఇందు మనము గుర్తింపవలసిన దేమనగా, ఆ పనివాడు ఎవరికిని ఏమియు బోధింపలేదు. తన్నొకడు చూచుచున్నాడనియు ఎఱుగడు. ఆతడు తన పనియందు లీనమైనాడు, అవధూత ఆతనిని చూచుటయందు లీనమైనాడు. చేయువాని ఏకాగ్రతయు, చూచువాని ఏకాగ్రతయు కలిసికొన్నచోట ఉపదేశము తనంతట తానే పుట్టినది. నేను చెప్పదలచిన నియమ మిదియే. వస్తువు గొప్పదా, చిన్నదా యన్నది ప్రధానము కాదు; దానిని చేసినవాడు ఎంత మనస్సు పెట్టినాడు, చూచువాడు ఎంత మనస్సు పెట్టుచున్నాడు అన్నదియే ప్రధానము.

కళ కేవలము కాలక్షేపమని మన పెద్దలు తలపలేదు. శిల్పములచేత యజమానుడు తన ఆత్మను సంస్కరించుకొనునని ఐతరేయ బ్రాహ్మణము చెప్పుచున్నది. విష్ణుధర్మోత్తర పురాణమున వజ్రమహారాజు ప్రతిమానిర్మాణమును బోధింపుమని మార్కండేయ మహర్షిని కోరగా, చిత్రలేఖనము నెఱుగక ప్రతిమయు, నృత్తము నెఱుగక చిత్రమును, వాద్యము నెఱుగక నృత్తమును, గీతము నెఱుగక వాద్యమును తెలియరావని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను. దైవమూర్తి నెఱుగగోరినవానిని మహర్షి అడుగడుగునకు వెనుకకు నడిపించి తుదకు పాటకడ నిలిపినాడు. అనగా సకలకళలును ఒకే గొలుసునకు చెందిన లంకెలు. అందు దేనిని పట్టుకొన్నను తక్కినవి చేతికి వచ్చును.

చిత్రమునకు గల శక్తిని భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకమునందే నిరూపించినాడు. పట్టాభిషిక్తుడైన రామునకును, గర్భవతియైన సీతకును లక్ష్మణుడు వారి పూర్వచరిత్రనే చిత్రపటములుగా చూపును. శూర్పణఖ రూపము కంటబడగానే సీత భయపడును. ఇది చిత్రమేగాని నిజము కాదని రాముడు ఆమెను ఊరడింపవలసి వచ్చును. సీతావియోగ ఘట్టమును చూచినప్పుడు, ఆమె తన ప్రక్కనే యున్నను, రాముని కన్నులు చెమ్మగిల్లును. కష్టమును అనుభవించుచున్నప్పుడు మనిషి దానిని దాటుటకే తొందరపడును గాని నిలిచి చూడజాలడు. ఆ అవకాశమును చిత్రము తరువాతనెప్పుడో కలుగజేయును. అంతియే కాదు, ఆ పటములను చూచిన పిమ్మట సీతకు మరల అరణ్యమునకు పోయి భాగీరథిలో స్నానమాడవలెనన్న కోరిక పుట్టును. చూచుట కోరికగా మాఱినది, కోరిక ప్రయాణముగా మాఱినది. నిజమైన స్ఫూర్తికి లక్షణ మిదియే.

ఇక హస్తకళలను చూతము. కొండపల్లిలో బొమ్మ చేయువారి ముంగిట కొంతసేపు కూర్చుండినవారికి ఆ పనిలోని ఓర్పు తెలియకపోదు. సమీపమున నున్న కొండలనుండి తెచ్చిన తెల్లపొణికి కఱ్ఱ తేలికయైనది, మెత్తనిది. దానిలోని తడియంతయు పోవువఱకు సెగపై ఆరబెట్టుదురు. తల వేఱు, చేతులు వేఱు, మొండెము వేఱుగా చెక్కి, చింతగింజల పిండిని, ఱంపపు పొట్టును కలిపి చేసిన మక్కుతో అతికి, అతుకు కనబడకుండ నునుపుచేసి, సున్నము పూసి, అది ఆరిన పిమ్మట సన్నని కుంచెలతో రంగులు దిద్దుదురు. కంటిపాప చుక్క పెట్టునపుడు పనివాడు మాట యాపి, ఊపిరి బిగబట్టి, కుంచెకొనను మాత్రమే చూచుచుండును. ఆ చుక్క పడువఱకు కఱ్ఱగా నున్నది ఆ క్షణమునుండి మనలను చూచును. అంతకంటె నన్ను ఆలోచింపజేసినది మఱొకటి గలదు. ఒకే కఱ్ఱతో, ఒకే మక్కుతో, ఒకే కుంచెతో వారు మత్స్యకూర్మాది దశావతారములను చేయుచున్నారు, తాటిచెట్టెక్కు గీతకార్మికుని చేయుచున్నారు, రోకటితో దంచు స్త్రీని చేయుచున్నారు. సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చినప్పుడు ఇవన్నియు ఒకే మెట్లవరుసపై కొలువుదీరును. హారతి అన్నిటికిని ఒకటియే. సర్వభూతములందును పరమాత్మ గలడన్న మాటను గీతావ్యాఖ్యానములలో చదివి గ్రహించుటకు ఎన్నియో యేండ్లు పట్టవచ్చును. మూడేండ్ల పిల్లకు తల్లి ఆ కొలువు ముందు దానిని మాట యాడకయే నేర్పుచున్నది.

శ్రీకాళహస్తి కలంకారీలో మఱియొక పాఠము గలదు. కరక్కాయరసమునను పాలయందును తడిపి ఆరబెట్టిన బట్టపై, కొనకు గుడ్డపేలిక చుట్టిన వెదురుకలముతో, ఇనుపతుప్పును బెల్లమును ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీతలు గీయుదురు. ఎఱుపు రావలసినచోట మొదట పటికనీరు పూయుదురు. ఆ పూత యెఱ్ఱగా నుండదు, బట్టను ఎఱ్ఱరంగు నీటిలో ఉడికించిన పిమ్మటగాని ఎఱుపు తేలదు. ఫలము కంటికి కనబడకున్నను, చేయవలసిన చోట చేయవలసినంత పూసి, తక్కినదానిని నిప్పునకును నీటికిని విడిచిపెట్టుటయే ఆ పనివాని ధర్మము. కర్మయోగమును గూర్చి ఇంతకంటె చక్కని వ్యాఖ్యానమును నేను చూడలేదు.

బొమ్మల పుస్తకములు, అచ్చుపటములు తక్కువజాతివని తలచువారు గలరు. కాని 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిన పిమ్మట లక్ష్మీసరస్వతుల పటములు సామాన్యుల యిండ్లకు విరివిగా చేరినవి. గుడి గడప దాటనీయక నిలుపబడినవారి గుడిసెలలో సయితము దేవత వెలసినది. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డిగార్లు ప్రారంభించిన చందమామ తెలుగు బాలురకు కథలతోపాటు చూపును కూడ ప్రసాదించినది. అందు శంకర్ వ్రాసిన బేతాళకథల చిత్రమును ఎఱుగని తెలుగువా డుండడు: శ్మశానమధ్యమున, భుజముపై శవముతో, చేత కత్తితో నడచుచున్న విక్రమార్కుడు. కథ మాసమునకొకటిగా మాఱుచుండెను గాని ఆ చిత్రము మాఱలేదు. రాజు మౌనభంగము చేయును, శవము మరల చెట్టెక్కును, రాజు మరల చెట్టుకడకు పోవును. జపమున మంత్ర మావృత్తి యగునట్లు, ఆ యొక్క చిత్రము బాల్యమంతయు ఆవృత్తియై, చేజాఱిన పనిని విసుగక మరల ఎత్తుకొనవలెనన్న ధర్మమును మన నరములలో నాటినది. వడ్డాది పాపయ్యగారి వర్ణములు, బాపుగారి గీతలు మన యింటి రాముని, మన యింటి కృష్ణుని రూపమును తీర్చిదిద్దినవి. నేడు కన్నులు మూసికొని ధ్యానించు తెలుగువారిలో ఎందఱకో ఆ గీతలే మూర్తిగా గోచరించుచున్నవి. 1967లో అనంతపాయ్ అమరచిత్రకథ యను బొమ్మల పుస్తకమాలను ప్రారంభించుటకు కారణమైనది ఒక టెలివిజను ప్రశ్నోత్తర కార్యక్రమము. అందు గ్రీకు పురాణములను గూర్చిన ప్రశ్నలకు ఉత్తరమీయగల్గిన పిల్లలు రాముని తల్లి యెవరన్నచో చెప్పలేకపోయిరి. ఆ లోపమును చూచి విలపించి యూరకుండక, ఆయన పుస్తకములు వేసినాడు.

తుదకు టెలివిజను. 1987 జనవరి 25 మొదలు 1988 జులై 31 వఱకు ఆదివారము ఉదయములందు దూరదర్శన్ రామానందసాగర్ రామాయణమును ప్రసారము చేసినప్పుడు, హిందీ యొక ముక్కయు రానివారు సయితము తెలుగునాట స్నానముచేసి, టెలివిజనున్నవారి వసారాలో కూర్చుండి చూచిరి. పెట్టెకు పూలదండ వేసినవారు, హారతి యిచ్చినవారు దేశమంతట నుండిరి. దీనిని మౌఢ్యమన్న విద్యావంతులతో నేను ఏకీభవింపను. వారు పూజించినది పెట్టెను కాదు. కనుటకును వినుటకును అనువైన క్రీడావస్తువును ప్రసాదింపుమని ఇంద్రాదిదేవతలు బ్రహ్మను వేడుకొనగా, వేదశ్రవణమునకు దూరముగా నుంచబడినవారితో సహా సర్వవర్ణములవారికిని చెందునట్లు ఆయన నాట్యమును పంచమవేదముగా సృజించెనని భరతముని చెప్పియున్నాడు. దృశ్యమును శ్రవ్యమునైన యీ నూతనసాధనము ఆ వంశమునకు చెందినదే. ఆ తరువాత బి.ఆర్. చోప్రా మహాభారతమునకు సంభాషణలు వ్రాసిన రాహీ మాసూమ్ రజా పుట్టుకచే ముసల్మాను. కాలపురుషునిచేతనే కథ చెప్పించిన ఆ రచన కోట్లకొలది హిందూగృహములలో భక్తితో వినబడినది. మనస్సు పెట్టి చేసినవానికి కులమతములు అడ్డురావనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

అయితే టెలివిజనునందు ప్రమాద మొకటి గలదు, దానిని దాచరాదు. పటము మనకొఱకు నిలిచియుండును, పుస్తకము పుట త్రిప్పువఱకు ఆగును, కొయ్యబొమ్మ తరతరములు వేచియుండును. టెలివిజను మాత్రము ఆగదు. నాటి రామాయణమునకు ఒక రక్షణ యుండెను. కథ వారమున కొక్కసారియే వచ్చెడిది. భరతుడు పాదుకలను తలదాల్చిన దృశ్యమును చూచినవారికి మిగిలిన ఆఱుదినములును బావికడను, రచ్చబండకడను దానినే తలపోయుటకు వ్యవధి లభించెను. చూచినది మననమై పండినది. 2020 మార్చిలో, జనులు గడప దాటరాని కాలమున, ఆ ధారావాహికనే మరల దినమునకు రెండు పర్యాయములు ప్రసారము చేసినప్పుడు ఆదరణ తగ్గలేదు గాని ఆ వ్యవధి తగ్గినది. నేడు ఎడతెగక ప్రవహించు దృశ్యములలో ఆ వ్యవధి యసలే లేదు. కావున సాధనము చేయని పనిని చూచువాడే చేయవలెను: చూచినది చాలునని ఆపి, కొంతసేపు దానితో కూర్చుండవలెను.

ఇవన్నియు రూపములే, పరమార్థము నిరాకారము గదా యని వేదాంతి యడుగవచ్చును. నిజమే. రాతికి మ్రొక్కి మనిషిని మఱచువానిని వేమన నిందించుటయు న్యాయమే. కాని ఆ నింద రూపమునకు తగులదు, రూపముకడనే ఆగిపోయినవానికి తగులును. చిత్రమును చూచి కన్నీరు విడిచి, లేచిన వెంటనే ఇంటి పనిమనిషిని కసరినవాడు రసమును గ్రోలినాడు గాని స్ఫూర్తిని పొందలేదు. భరతుని చూచి, అన్నదమ్ముల పొలముగట్టు తగవున ఒక అడుగు వెనుకకు వేసినవానికి టెలివిజనే గురువైనది.

కావున చదువరులకు నా మనవి యిది. ఇంటికి తెచ్చుకొను వస్తువులలో ఒక్కటియైనను మనస్సుపెట్టి చేసినవాని చేతినుండి నేరుగా కొనుడు. బేరమాడుటకు ముందు ఆతని పేరడుగుడు, పని యెట్లు చేయునో చూడుడు. పిల్లలకు పది పుస్తకములు కొనియిచ్చుటకంటె ఒక పుస్తకములోని ఒక బొమ్మను వారితో కలిసి నిదానముగా చూడుడు. టెలివిజనున మంచి ఘట్టము ముగిసిన వెంటనే మీట నొక్కి ఆపి, చూచినదానిని గూర్చి ఇంటిల్లిపాదియు మాటలాడుకొనుడు. అవధూతకు గురువులైనవి ఆతని దారిలో కనబడినవే గాని ఆతడు వెదకిపోయినవి కావు. మన దారిలో కనబడువానిని గురువులుగా చేసికొనుట, చేసికొనక పోవుట మన చేతిలోనే యున్నది.