సత్రం యజమాని చేతిలో రెండు నాణేలు



మన విచారణల్లో ఈమధ్య తరచుగా వినబడుతున్న ఒక తగవును గురించి ఈ వారం కాసేపు ఆలోచిద్దాం.

పేదలకోసం పనిచేసే చిన్న బృందం ఒకటి దాదాపు ప్రతి విచారణలోనూ ఉంటుంది. ఒకప్పుడు అందులో అందరూ ఆ ఊరివారే. ఆదివారం పూజ అయ్యాక గుడి వరండాలో కూర్చుని, సంచి తిప్పి, ఎవరింటికి బియ్యం ఇవ్వాలో, ఎవరికి మందులు కొనాలో అక్కడికక్కడే తేల్చుకునేవారు. ఇప్పుడు సభ్యుల్లో సగంమంది హైదరాబాదులోనో, కువైట్‌లోనో, అమెరికాలోనో ఉన్నారు. పాపం, ఊరిని మరువలేదు. నెలనెలా ఫోనులోనే డబ్బు పంపుతారు. వాట్సాప్‌లో సలహాలూ పంపుతారు. తగవు అక్కడే మొదలవుతోంది.

దూరాన ఉన్నవారు అంటారు: "రెండు నెలలుగా లెక్క లేదు. ఇచ్చినప్పుడు కనీసం ఒక ఫోటో అయినా పెట్టండి. ఎప్పుడూ ఆ నాలుగు ఇళ్లకేనా ఇవ్వడం?"

ఊళ్లో ఉన్నవారు అంటారు: "ఏసీ గదిలో కూర్చుని అజమాయిషీ చేయడం తేలికే. అర్ధరాత్రి ఆ ముసలమ్మను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లింది మేము. మీకేం తెలుసు?"

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అందుకే ఈ తగవు ఒక పట్టాన తీరదు. సేవలో ఎవరి మాట చెల్లాలి? డబ్బు ఇచ్చినవారిదా, కాళ్లరిగేలా తిరిగినవారిదా?

పునీత లూకాగారి సువార్త 10వ అధ్యాయంలోని మంచి సమరీయుని కథ మనకు కొత్తది కాదు. గాయాలకు కట్టుకట్టిన చేతుల గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. కాని ఆ కథ అక్కడితో అయిపోలేదు. మరునాడు సమరీయుడు రెండు దీనారములు తీసి సత్రం యజమానికి ఇచ్చాడు. ఇతనిని చూసుకోమన్నాడు. ఇంకా ఏమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. తన దారిన తాను వెళ్లిపోయాడు.

అంటే మొదటి రోజు దగ్గరుండి సేవచేసినవాడే రెండవ రోజు దూరాననుండి సాయం చేసేవాడయ్యాడు. ఆ తరువాత రాత్రింబవళ్లు మేలుకున్నది ఎవరు? పేరైనా తెలియని ఆ సత్రం యజమాని. సమరీయుడు అతనికి ఎంత స్వేచ్ఛ ఇచ్చాడో గమనించండి. ఏ మందు వాడాలో, ఏ భోజనం పెట్టాలో చెప్పలేదు. దగ్గరున్నవానికే తెలుస్తుందని నమ్మాడు. అలాగని లెక్క వద్దనలేదు. తిరిగి వచ్చి ఖర్చయినదంతా తీరుస్తానన్నాడంటే, ఎంత ఖర్చయిందో యజమాని చెప్పాలి కదా! నమ్మకమూ, లెక్కా రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి.

లెక్క అడిగితే కొందరికి కష్టంగా ఉంటుంది. "మమ్మల్ని దొంగలనుకుంటున్నారా?" అంటారు. పునీత పౌలుగారికంటె నమ్మదగినవారు ఎవరు? యెరూషలేములోని పేద విశ్వాసులకోసం ఆయన దూరప్రాంతాల సంఘాలలో చందా పోగుచేశారు. అయినా ఆ సొమ్మును ఒంటరిగా చేతపట్టుకుని వెళ్లదలచలేదు. సంఘాలు ఎన్నుకున్న సహోదరుని తోడు తీసుకున్నారు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమమీద ఎవరూ నింద వేయకూడదనీ, దేవుని ఎదుటనే కాక మనుష్యుల ఎదుట కూడ సక్రమంగా ఉండాలనీ కొరింథీయులకు వ్రాసిన రెండవ లేఖ 8వ అధ్యాయంలో వివరించారు. లెక్క చూపించడం అవమానం కాదు, సేవచేసేవారికి అది రక్ష.

అదే పౌలుగారు రోమీయులకు వ్రాస్తూ, తాను తీసుకువెళ్లే సాయం యెరూషలేమువారికి ఇష్టమయ్యేలా ప్రార్థించండని వేడుకున్నారు. ఇచ్చేవారు పుచ్చుకునేవారి మనసు గురించి భయపడటం చూశారా? మన చందాతోపాటు ఆ భయం కూడ ఉంటోందా?

ఇక ఫోటోల సంగతి. బియ్యం సంచి పట్టుకుని తలవంచుకు నిలబడిన ఒక తల్లి ఫోటో ఎన్ని ఫోన్లకు చేరుతుందో మనకు తెలియదు. రేపు అది ఆమె కూతురి అత్తవారింటికి చేరితే? కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువు చెప్పారు. మనమేమో ఊరంతటికీ తెలియజేస్తున్నాం. దూరాన ఉన్నవారికి డబ్బు లెక్క అడిగే హక్కు ఉంది, పేదవాని ముఖాన్ని అడిగే హక్కు లేదు. అలాగే ఊళ్లో ఉన్నవారికి ఎవరి అవసరం ఎంతో నిర్ణయించే బాధ్యత ఉంది, "మా పేదలు" అని సొంతం చేసుకునే హక్కు లేదు. పేదవారు వీరివారూ కారు, వారివారూ కారు. క్రీస్తునాథునివారు.

1833లో పారిస్ నగరంలో ఇరవై ఏండ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఒజానాం తన స్నేహితులతో కలిసి, నేడు పునీత విన్సెంట్ డి పాల్ సభ అని మనం పిలుచుకునే సంస్థను ప్రారంభించినప్పుడు, పేదల ఇండ్లకు స్వయంగా వెళ్లడమే వారి మొదటి పని. ఇంటి గడప తొక్కితేగాని అవసరం తెలియదు. అయితే 1927లో 11వ పయస్ పోపుగారు, దేశదేశాలు తిరిగిన పునీత ఫ్రాన్సిస్ శౌరివారితో సమానంగా, మఠం దాటి ఒక్క వేదవ్యాపక దేశానికైనా వెళ్లని చిన్న తెరేజమ్మగారిని వేదవ్యాపకానికి పాలకురాలిగా ప్రకటించారు. శ్రీసభకు దూరం అడ్డు కాలేదు.

మరి మనం ఏం చేయాలి? నెలకొకసారి జమాఖర్చులు వ్రాసి అందరికీ పంపుదాం, ఇండ్ల పేర్లు, ఫోటోలు లేకుండా. అత్యవసరానికి ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టేందుకు కొంత సొమ్ము ఊళ్లోవారి చేతిలో ఉంచుదాం. దూరాన ఉన్నవారు క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఒక్క పూటైనా వారితో కలిసి ఆ ఇండ్లకు వెళ్లాలి. సమరీయుడు తిరిగి వస్తానన్నాడు కదా!

ఇంకొక్క మాట. ఊళ్లోని రోగిని హైదరాబాదు పెద్దాసుపత్రికి పంపిన రోజున దగ్గరివారు ఎవరు? ఊళ్లో ఇన్నాళ్లూ చూసుకున్నవారు ఆనాడు ఫోను పట్టుకుని ఎదురుచూసే దూరపువారవుతారు. హైదరాబాదులో ఉన్న సభ్యుడు ఓ.పి. వరుసలో నిలబడే సత్రం యజమాని అవుతాడు. ఇవాళ సలహా చెప్పినవాడు రేపు కాళ్లరిగేలా తిరగవచ్చు.

కాబట్టి ఈ వారం లెక్క అడగబోయేముందు, "అమ్మా, నిన్న రాత్రి ఆసుపత్రిలో మీరు ఏమైనా తిన్నారా?" అని అడుగుదాం. కసరబోయేముందు, పరాయి దేశంలో ఓవర్‌టైం చేసి ఆ వెయ్యి రూపాయలు పంపిన తమ్ముణ్ణి ఒక్కసారి తలచుకుందాం. గాయపడి దారిలో పడివున్నవాడు మన తగవు తీరేదాకా ఆగలేడు.