సాస్‌లో వైన్ ఉందా?

పారిస్‌లో బిస్ట్రో అంటే మన హైదరాబాద్ ఇరానీ హోటల్‌కి వరసకు చుట్టం. మోచేతులు తగిలేంత దగ్గరగా పది పన్నెండు బల్లలు. జింకు రేకు తొడిగిన కౌంటరు. నల్లపలక మీద సుద్దతో రాసిన ఆ పూట వంటకాలు. వడ్డించేవాడికి పేటలో సగం మంది ముఖాలు గుర్తు. ఎవరైనా వచ్చి కూచోవచ్చన్నదే దాని పేరు ప్రతిష్ఠ. ఆ ‘ఎవరైనా’లో మేమున్నామా అన్నదే మా ప్రశ్న.

పలక చదవడంతోనే చిక్కు మొదలవుతుంది. పెద్దకూరతో చేసే బెఫ్ బూర్గిన్యోన్ ఎర్ర వైన్‌లోనే ఉడుకుతుంది. కోడికూర కొకొవాన్‌కి పేరులోనే వైన్ ఉంది. జబీహా సంగతి సరేసరి. సలాడ్ ఆకుల మధ్య పంది ముక్కలు నక్కి ఉంటాయి. ఉల్లిపాయ సూపునీ నమ్మలేం, అందులోనూ వైన్ పోసేవాళ్ళున్నారు. ఇక మిగిలేవి మయోనైజ్ వేసిన ఉడికిన గుడ్డు, చేప, బంగాళాదుంప వేపుడు, చివర్లో క్యారమెల్ కస్టర్డు. కడుపు నిండదని కాదు, శుభ్రంగా నిండుతుంది. కానీ ముందు నోరు తెరిచి, “చేప సాస్‌లో వైన్ ఉందా?” అని అడగాలి. అడిగిన మరుక్షణం మేం ఆకలేసిన మనుషులం కాము, ముస్లింలం అయిపోతాం.

పక్క బల్ల దగ్గర శాకాహారి కూడా అడుగుతాడు. గోధుమ పడనావిడ అడుగుతుంది. ఒకరిది అభిరుచి, ఒకరిది ఆరోగ్యం. మాది మాత్రం కలవకపోవడం! ఈ పాఠం పారిస్ వెళ్ళి నేర్చుకోనక్కర్లేదు. మన విందుల్లో “ఇందులో గుడ్డు కలిసిందా?” అంటే నిష్ఠ. “హలాలేనా?” అంటే ఛాందసం. లౌకిక మిత్రులారా, ఈ తూకం ఎవరి కొట్లోది?

మేం ఊరికే భుజాలు తడుముకోవడం లేదు. 2010 జూన్‌లో, ముస్లింలు ఎక్కువగా ఉండే గూత్ దోర్ పేటలో, శుక్రవారం చూసుకుని మరీ పంది సాసేజీలతో, వైన్‌తో వీధివిందు చేస్తామని కొందరు పిలుపిచ్చారు. పోలీసులు నిషేధించారు. ఆకలి తీర్చడానికి కాదు, ఎదుటివాణ్ణి లేపి పంపడానికి వేసిన విస్తరి అది. 2015లో షాలోన్ పట్టణ మేయర్ బడి భోజనాల్లో పందిమాంసానికి బదులుగా పెట్టే వంటకాన్ని ఆపేయించాడు. వ్యవహారం కోర్టులకెక్కి 2020 దాకా నలిగింది. ఆ బల్లల దగ్గర కూచున్నది చిన్నపిల్లలు.

పోనీ, ఈ బిస్ట్రోలు తాతల నాటి పారిస్ సొత్తా? వీటిలో చాలావాటిని పెట్టింది ఒవెర్న్ కొండల నుంచి పొట్ట చేత పట్టుకొచ్చినవాళ్ళు. ఓ పక్క బొగ్గు, ఓ పక్క వైన్ అమ్మారు. ‘బూన్యా’ అని పేరు పెట్టి నగరం నవ్వింది. ఆ తర్వాత ఎన్నో కౌంటర్ల వెనక అల్జీరియా కబీల్‌లు నిలబడ్డారు. తాము తాగినా తాగకున్నా ఊరికి పోశారు. ఇంతకీ అక్కడ మేజ్బాన్ ఎవరు, మెహమాన్ ఎవరు?

2015 నవంబర్ 13ని దాటేసి ఈ మాటలు మాట్లాడలేం. మా దీన్ పేరు చెప్పుకున్నవాళ్ళు ఆ రాత్రి కేఫ్‌ల ముందు కూచుని తింటున్నవాళ్ళని కాల్చారు. నగరమంతా కలిపి 130 మంది పోయారు. వాళ్ళలో ముస్లింలూ ఉన్నారు. తూటాలు తగిలిన కారియోన్ బార్‌ని నడిపింది అల్జీరియా నుంచి వచ్చిన కుటుంబమే. గ్లాసులోకి తొంగిచూసి మనిషి విలువ కట్టే జబ్బు ఒక వైపే లేదు. తుపాకి పట్టకపోయినా, వైన్ గ్లాసెత్తిన మావాణ్ణి “వీడు మనవాడు కాడు” అని తేల్చేసే నోళ్ళు మా దస్తర్‌ఖాన్ చుట్టూనే ఉన్నాయి. వాడి లెక్క వాడికీ అల్లాకీ మధ్య. దాన్ని మేమెందుకు రాస్తాం?

బిస్ట్రోలో మాకు నచ్చే పద్ధతి ఒకటుంది. భోజనానికి కూచుంటే రొట్టె, కూజాతో కుళాయి నీళ్ళు ఇస్తారు. వాటికి బిల్లు వేయరు. నీళ్ళెందుకని కూడా అడగరు. ఎదుటి మిత్రుడు తన గ్లాసు కాస్త జరిపితే కూజాకి చోటు దొరుకుతుంది. అప్పుడిక వడ్డించేవాణ్ణి పిలిచి చేప సాస్ సంగతి అడుగుతాం.