చవక టిక్కెట్టు ఎవరి ఖాతాలో?

చవకగా దొరికినదాన్ని చూసి సంతోషించడం మనిషి గుణం. ఆ చవక ఎలా సాధ్యమైందో విచారించే బాధ్యత కొన్నవాడికి ఉందా అన్నది వేరే ప్రశ్న. ముప్పై ఏళ్లుగా ఇతరుల జమాఖర్చులు చూస్తూ వచ్చిన నాకు ఈ ప్రశ్న ఒక విమానం టిక్కెట్టు దగ్గర ఎదురైంది.

ఉత్తరాది దేశాల్లో రాత్రిపూట ఆకాశంలో ఆడే ఆకుపచ్చ వెలుగులు చూడాలని మా ఆవిడకు చాలాకాలంగా కోరిక. అవి కనిపించే రాజధాని ఐస్‌లాండ్‌లోని రేక్యావిక్. స్వతంత్ర దేశాల రాజధానుల్లో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నది అదే. మా హోసూరు కంటే చిన్న ఊరు. బెంగళూరు నుంచి నేరుగా విమానం లేదు, ఐరోపాలో ఎక్కడో దిగి మారాలి. వీసా రుసుము మనిషికి 90 యూరోలు. విమానం దిగేచోటు నుంచి ఊళ్లోకి 50 కిలోమీటర్లు. ఇవన్నీ కాగితం మీద వేసుకుంటూ పోతే, తగ్గించుకోవడానికి మిగిలేది టిక్కెట్టు ఒక్కటే.

ఆ టిక్కెట్టుకు ఒక చరిత్ర ఉంది. 2018 డిసెంబరులో వావ్ ఎయిర్ అనే ఐస్‌లాండ్ కంపెనీ ఢిల్లీ నుంచి రేక్యావిక్‌కు విమానాలు మొదలుపెట్టింది. ప్రకటనల్లో కనిష్ఠ ధర 13,499 రూపాయలు. అంత దూరానికి అంత తక్కువ అని అందరూ ఆశ్చర్యపోయారు. నాకు ఆశ్చర్యం కలిగించింది మరొకటి. ఆ సెప్టెంబరులోనే అదే కంపెనీ దాదాపు తొమ్మిది శాతం వడ్డీకి ఐదు కోట్ల యూరోల బాండ్లు అమ్మింది. ఐరోపాలో వడ్డీ సున్నా దగ్గర ఉన్న రోజులవి. తొమ్మిది ఇస్తానన్నవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో బ్యాంకు గుమాస్తాకైనా తెలుస్తుంది. ఢిల్లీ విమానాలు రెండు నెలలు కూడా నడవలేదు. 2019 మార్చి 28న కంపెనీయే మూతపడింది. టిక్కెట్లు చేత పట్టుకున్నవాళ్లు విమానాశ్రయాల్లో నిలబడిపోయారు. సుమారు వెయ్యిమందికి ఉద్యోగాలు పోయాయి. ఆ తర్వాత అదే ఊరి నుంచి 2021లో బయలుదేరిన ప్లే అనే మరో చవక కంపెనీ కూడా 2025 సెప్టెంబరు 29న ఆగిపోయింది.

ముందుగా టిక్కెట్టు కొన్నవాడు నిజానికి కంపెనీకి అప్పిచ్చినవాడు. వడ్డీ లేదు, జామీను లేదు. మేమైతే ఇల్లో పొలమో రాయించుకుని గాని పైసా కదపం. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగినప్పుడు బ్యాంకుల బాకీ గురించి దేశమంతా మాట్లాడుకుంది. నెలల తరబడి జీతం అందనివాళ్ల మాట మూడో పేజీలోకి జారింది. వరసలో ముందు నిలబడే వర్గానికి చెందినవాణ్ణి కనుక, వెనుక నిలబడ్డవాళ్లను నేను కాస్త ఎక్కువగానే గమనిస్తాను.

ఈ సంగతులు చెబితే మా బామ్మర్ది నవ్వాడు. "బావా, సంతలో వంకాయలు చవకగా ఇస్తే ఎందుకిస్తున్నావని అడుగుతావా? వాడి లాభనష్టాలు వాడివి, నీ డబ్బు నీది" అన్నాడు. అతను రాయకోట మండీకి టమేటా వేసే రైతు. ధర పడిపోయిన ఏడాది బాడుగ కూడా గిట్టదని క్రేట్లు రోడ్డు పక్కన కుమ్మరించి వచ్చినవాడు. కిలో రెండు రూపాయలకు కొని పచ్చడి పెట్టుకున్న బెంగళూరు ఇల్లాళ్లను అతనెప్పుడూ తప్పుపట్టలేదు. వాళ్లకు తెలియదు గదా అంటాడు. నేను పట్టుకున్నది ఆ మాటనే. తెలియనివాడికి ఆ మినహాయింపు ఉంది. బాలెన్సు షీటు చదవడం వచ్చినవాడికి ఎలా వర్తిస్తుంది?

అలాగని చవకంతా మోసం కాదు. 1950, 60లలో లోఫ్ట్‌లెయిడిర్ అనే ఐస్‌లాండ్ కంపెనీ అట్లాంటిక్ దాటడానికి అందరికంటే తక్కువ తీసుకునేది. పెద్ద కంపెనీలు కలిసి ధరలు కట్టుకున్న సంఘంలో అది చేరలేదు. ఇతరులు జెట్లకు మారినా అది ప్రొపెల్లర్ విమానాలనే నడిపింది. దారిలో రేక్యావిక్‌లో దించేది, ప్రయాణం ఎక్కువసేపు పట్టేది. కుర్రవాళ్లు, విద్యార్థులు సంతోషంగా ఎక్కారు. అక్కడ తగ్గిన డబ్బుకు బదులు ప్రయాణికుడు తన కాలాన్ని, తన సుఖాన్ని చెల్లించాడు. పెట్టెకు వేరే డబ్బు, తిండికి వేరే డబ్బు అనే నేటి పద్ధతినీ నేను తప్పుపట్టను. అటుకుల మూట కట్టుకుని రైలెక్కిన వంశం మాది. తగ్గింపు నా నుంచి వస్తే అది పొదుపు. అడగకుండా ఇంకొకడి జీతంలోంచి వస్తే దానికి పొదుపని పేరు పెట్టడం నాకు కష్టంగా ఉంది.

అందుకని ఒక పాత కంపెనీలో, రెండుచోట్ల మారి వెళ్లే టిక్కెట్టు చూశాను. మధ్యలో ఒక రాత్రి కుర్చీలోనే గడపాలి. మా ఆవిడ, "నడుము నొప్పి కూడా లెక్కలో వేశారా?" అంది. వేశానన్నాను.

చిక్కు అక్కడితో తీరలేదు. దేశాల మధ్య తిరిగే విమానాల ఇంధనం మీద చాలావరకు పన్ను ఉండదు. 1944 నాటి చికాగో ఒప్పందం నుంచి వస్తున్న ఆనవాయితీ అది. మరి ఆ పొగ ఖరీదు ఏ టిక్కెట్టులోనూ లేదు, పాత కంపెనీ టిక్కెట్టులోనూ లేదు. ఐస్‌లాండ్‌లో ఓక్ అనే హిమానీనదం కరిగి, ఇక హిమానీనదం కాదని 2014లో తేల్చారు. 2019 ఆగస్టులో అక్కడ దాని జ్ఞాపకార్థం ఒక ఫలకం పెట్టారు. ఈ బాకీకి ఎదురు నిలబడేవాళ్లు ఇంకా పుట్టలేదు కనుక వరసలో వాళ్లకు చోటే లేదు. నా సిద్ధాంతం ప్రకారం, తెలిసినవాణ్ణి కనుక ఇక్కడా నాకు మినహాయింపు ఉండకూడదు.

మా ఆవిడకు ఈ మాట చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే ఒక్కసారే వెళదాం, రెండేళ్లకొకసారి ఎక్కడికో ఒకచోటికి వెళ్లేవాళ్లలాగ వద్దు" అంది. ఆ సమాధానం సరిపోతుందో లేదో ఇంకా చూస్తున్నాను. టిక్కెట్టు కొనలేదు.