దుఃఖకాలమునందలి యాశ



న్యాయస్థానముల వరండాలలో ఇరువది సంవత్సరములుగా తిరుగుచున్న మాకు, మనుష్యులు ఎట్లు ఎదురుచూతురో కనుగొను భాగ్యము, దానిని భాగ్యమనవచ్చునో లేదో గాని, సమృద్ధిగా లభించినది. వాయిదా వెనుక వాయిదా పడుచుండగా కక్షిదారుడు మమ్ము అడుగునది తీర్పు ఎటు వచ్చునని కాదు. “ఎప్పటికి తెములుతుందండీ?” అని. ఓడిపోవుదునన్న భయముకంటె, అంతము కానరాని నిరీక్షణమే వానిని ఎక్కువగా కృశింపజేయును. రోగి మంచము ప్రక్కను రాత్రులు గడుపు తల్లియు, అప్పులవాండ్ర రాకకై తలుపువైపు చూచుచుండు రైతును, ఉద్యోగము పోయిన సంగతి ఇంటిలో చెప్పలేక ప్రతిదినము ఉదయముననే చొక్కా తొడిగికొని బయలుదేరు గృహస్థుడును ఈ ప్రశ్ననే లోలోపల వేసికొనుచుందురు. నేటి ప్రసంగము వారినిగూర్చి. వారిలో మనమును గలము.

ఇట్టివారికి లోకమొసగు ఓదార్పు మీరెఱుగనిది కాదు. “అంతా మన మంచికే” యని యొకరు, “పూర్వకర్మ” మని మఱియొకరు, “ధైర్యముగా నుండవలె” నని వేఱొకరు చెప్పి, కాఫీ పుచ్చుకొని వెడలిపోవుదురు. మేమును ఇట్లు చెప్పి వెడలివచ్చినవారమే. దుఃఖితుడు విని తలయూపును. అది మర్యాదకొఱకు ఊపుట. అంతవఱకు వానికి దుఃఖమొకటియే బరువు. ఆనాటినుండి, తనకు ధైర్యము చాలదన్న అవమానమును గూడ మోయవలసివచ్చును. భక్తులలో ఈ అవమానము మఱింత హెచ్చు. ఈశ్వరుని నమ్మినవానికి విచారమెక్కడిదని ఎవరేని ఆక్షేపింతురేమోయని, ఉపాసనకు వచ్చువారు తమ కన్నీటిని ఇంటియొద్దనే తుడుచుకొని వచ్చుచున్నారు. ప్రార్థనామందిరముకంటె న్యాయస్థానపు వరండాలోనే మనుష్యులు నిజము చెప్పుకొనుచున్నారని మాకు పలుమాఱులు తోచినది.

మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారి జీవితములోని యొక సందర్భమును మనవారు తఱచుగా చెప్పుదురు గాని, సగము చెప్పి విడుతురు. 1817లో కలకత్తాలో గొప్ప ధనవంతుని యింట జన్మించిన ఆయన పితామహి ప్రేమలో పెరిగెను. ఆమెకు అవసానకాలము వచ్చినప్పుడు, ఆనాటి ఆచారము ననుసరించి, గంగయొడ్డునకు గొనిపోయిరి. మరణమునకు ముందటి రాత్రి వెన్నెలలో, ఘట్టమునొద్ద ముతకచాపమీద కూర్చుండియున్న ఆ యువకునకు చెప్పనలవిగాని యానందము కలిగెను. ఐశ్వర్యమంతయు తుచ్ఛముగా తోచెను. ఇంతవఱకు అందఱును చెప్పుదురు. తరువాతి సంగతి యేమనగా, ఆ యానందము మరల రాలేదు. ఎంత వెదకినను రాలేదు. దాని స్థానమున చీకటి వచ్చెను. మధ్యాహ్నపు సూర్యకిరణములు గూడ తనకు నల్లగా కనబడుచుండెనని ఆయనయే ఆత్మకథయందు చెప్పుకొనెను. ఉద్యానవనమునకు పోయి, ఒక సమాధిపై ఒంటరిగా కూర్చుండెడివాడట. నేడు ఎవరైన వైద్యునితో ఈ లక్షణములు చెప్పినచో, ఆయన వెంటనే కాగితము తీసి వ్రాసికొనును.

అట్టి దినములలో నొకనాడు, ఏదో సంస్కృతగ్రంథమునుండి చినిగిన పుట యొకటి ఆయన యెదుట గాలికి ఎగిరిపోవుచుండెను. పట్టి చూచెను, అర్థము కాలేదు. తనకు సంస్కృతము చెప్పుచున్న పండితునకు చూపెను. ఆయనయు విప్పి చెప్పజాలకపోయెను. అంతట రామచంద్ర విద్యావాగీశులవారిని పిలిపింపగా, వారు అది ఈశోపనిషత్తులోనిదని గుర్తించి అర్థము వివరించిరి. చీకటి విచ్చుట అచటినుండి మొదలు.

పుట యెగిరివచ్చుటను మనవారు ఈశ్వరసంకల్పముగా కొనియాడుదురు. కొనియాడవలసినదే. కాని మా దృష్టికి అంతకంటె పెద్దదిగా కనబడునది వేఱొకటి గలదు. వచ్చినది గ్రంథము కాదు, చినిగిన పుట. అది చేతికి వచ్చినంతమాత్రమున ఆయన మనస్సు తేఱుకొనలేదు. తనకు తెలియలేదని యొకరియొద్ద ఒప్పుకొనవలసివచ్చెను. మొదట అడిగినవారివలన కాలేదు. అప్పుడాయన పుటను మడిచి పెట్టెలో దాచి, “ఎవరివలనను కాదు” అని నిట్టూర్చి యూరకుండలేదు, రెండవవారిని పిలిపించెను. ఆశ యనునది పూర్ణచంద్రునివలె ఉదయించి మన గదిని వెలిగించునని కాచుకొని కూర్చుండువారు ఈ రెండవవారిని పిలిపించుటయను సంగతిని గమనింపవలెను. నిరాశలో మునిగినవాడు సాధారణముగా ఒక్కసారియే అడుగును. మొదటి గుమ్మమున సమాధానము దొరకనిచో మరల ఏ గుమ్మమును ఎక్కడు.

అడుగుటకును, దాచకుండుటకును ఆనాడు అలవడిన గుణము పిమ్మట ఆయనకు అక్కఱకు వచ్చెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరుగారు 1846లో లండనునందు మరణించిరి. 1848లో వారి వ్యాపారసంస్థ యగు కార్, టాగోర్ కంపెనీ కూలిపోయెను. ఆత్మకథలోని లెక్క ప్రకారము అప్పులు 1 కోటి రూపాయలు. రావలసినవి 70 లక్షలు. ద్వారకానాథులు ముందుచూపుతో కొన్ని ఆస్తులను ట్రస్టుక్రింద పెట్టియుండిరి. వానిమీద ఋణదాతలకు చేయి చాపు హక్కు లేదు. మా వంటి వకీలు ప్రక్కనుండినచో, “అయ్యా, ఆ మాట ఎత్తకండి” యని తప్పక చెవిలో చెప్పియుండును. మేమే చెప్పియుందుము. దేవేంద్రనాథులో, ఋణదాతల సభలో ఆ యాస్తులను గూడ ముందుంచిరి. పగవాండ్రవలె వచ్చినవారు మనస్సు కరిగి, ఆస్తుల నిర్వహణమునకు ఏర్పాటు చేసికొనిరి. అప్పులు తీఱుటకు అనేక సంవత్సరములు పట్టినది. ఆ సంవత్సరములలో ఇంటి వ్యయము తగ్గించుకొని, ఆయన శాంతముగా శాస్త్రవిచారము చేసికొనుచు గడిపెను. ఋణము ఇంకను ఉండగనే శాంతి వచ్చుట గమనింపదగినది. దాచవలసినది ఏమియు మిగులకుండుటయే దానికి కొంత కారణమని మా యభిప్రాయము.

ఇట్లు ఇతరుల చరిత్రను విప్పి చెప్పుచున్న మేము మా సంగతి చెప్పకుండుట న్యాయము కాదు. 2021వ సంవత్సరము మే మాసమున, కరోనా రెండవ విజృంభణములో, మా తమ్ముడు పదునెనిమిది దినములు ఆసుపత్రిలో నుండి మరణించెను. ఆక్సిజను సిలిండరుకై మేము రాత్రింబవళ్లు టెలిఫోను చేసితిమి. దహనమునకు నలుగురము మాత్రమే పోయితిమి. తరువాత నాలుగు మాసములు మాకు నిద్ర లేదు. కాగితములు విప్పినచో అక్షరములు కనబడెడివి, వాక్యము కనబడెడిది కాదు. ఆ కాలముననే ఆదివారములయందు, తెరమీద కనబడు మిత్రులకు, ఈశ్వరుని కరుణనుగూర్చి ప్రసంగములు చేయుచుంటిమి; బాగుగనే యున్నవని వారు మెచ్చుకొనుచుండిరి. ఆ రాత్రులలో మా మనస్సునకు దోచిన యాలోచనలన్నియు ఇచట వ్రాయము. వ్రాయకున్నను గ్రహింపగలవారు మీలో నున్నారని మాకు తెలియును.

మా సంగతి కనిపెట్టినది విద్వాంసుడు కాడు, ఆచార్యుడు కాడు, మా గుమాస్తాగారు. అఱువదియేండ్లవాడు, మా గురువుగారియొద్ద పని చేసి, వారి యనంతరము మాయొద్దకు వచ్చినవాడు. ఒకనాటి సాయంకాలము బల్లమీద చేతులు పెట్టి, “అయ్యగారూ, ఎవరి కేసు వాళ్లు వాదించుకోకూడదని మీరే అంటారు గదండీ. ఈ కేసుకి నాకు వకాల్తా రాసివ్వండి” అనెను. మాకు మొదట నవ్వు వచ్చినది, పిమ్మట వేఱొకటి వచ్చినది. ఇరువది సంవత్సరములనుండి ప్రతిదినము పరుల వకాల్తులు పుచ్చుకొనుచుంటిమి. దిక్కు తోచనివాడు తన పక్షమున పలుకుటకు మఱియొకని నియమించుకొనుట అవమానము కాదని వందలమందికి బోధించితిమి. మా చేవ్రాలు మాత్రము దేనిక్రిందను పెట్టలేదు.

నాటినుండి ఆయన సాయంకాలము ఆఱుగంటలకు వచ్చి మమ్ము గోదావరి గట్టుమీదికి నడిపించుకొనిపోయెడివాడు. ఎక్కువ మాటలాడెడివాడు కాడు. పదిదినముల తరువాత, ప్రభుత్వాసుపత్రిలోని మానసికవైద్యుని యొద్దకు తానే తోడు వచ్చి, వరుసలో నిలిచి చీటీ తెచ్చెను. ఎనిమిది మాసములు మందులు పుచ్చుకొంటిమి. చెప్పుటకు సంకోచము లేదు. కండ్లజోడు పెట్టుకొనువానికి ఈశ్వరునియందు విశ్వాసము లేదని ఎవరును అనరు గదా. ప్రార్థన యన్ననో, ఆ మాసములలో మాకు చేతనయ్యెడిది కాదు. మిత్రులు ప్రార్థించుచుండగా వెనుక బల్లమీద కూర్చుండెడివారము. వారి స్వరములను ఆనుకొని కూర్చుండుటయే మా యుపాసన. ఆ కూర్చుండుటను ఈశ్వరుడు లెక్కలోనికి తీసికొనలేదని మేము నమ్మజాలము.

ఒంటరిగా మోయలేని బరువును నేరముగా నెంచిన కాలము చాల దూరమైనది కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 309వ సెక్షను, ప్రాణత్యాగమునకు యత్నించి బ్రదికినవానికి ఒక సంవత్సరమువఱకు కారాగారవాసమో, జరిమానాయో, రెండునో విధించెను. 1994లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. 1996లో మరల నిలువబెట్టెను. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టములోని 115వ సెక్షను, అట్టివాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లే తలంపవలెననియు, వానిని విచారించి శిక్షింపరాదనియు, వాని సంరక్షణము ప్రభుత్వము చూడవలెననియు విధించెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆ పాతసెక్షను లేదు. అధికారిని తన పని చేయనీకుండ నిర్బంధించుటకై అట్టి యత్నము చేసినవానినిగూర్చి మాత్రము 226వ సెక్షను గలదు. 2022 అక్టోబరునందు ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ టెలిఫోను సహాయము 14416 సంఖ్యకు ఏ గంటకు పిలిచినను లభించును, తెలుగున మాటలాడవచ్చును. ఈ సంఖ్యను మందిరపు ద్వారమునొద్ద వ్రాయించుటకు మాలో నొకరిద్దఱు అభ్యంతరము చెప్పిరి; ఉపాసనాస్థలమునకు అది తగదట. వ్రాయించితిమి.

చట్టము మాఱుటకు పూర్వము, మా వృత్తియొక్క తొలిదినములలో, 309వ సెక్షను క్రింద నొక నేతపనివాడు మాయొద్దకు వచ్చెను. అప్పుల బాధ. ప్రక్కయింటివారు కాపాడిరి; పిమ్మట పోలీసులు కేసు పెట్టిరి. నేరము ఒప్పుకొనినచో స్వల్ప జరిమానాతో పోవునని మేము సలహా యిచ్చితిమి. ఒప్పుకొనెను. జరిమానా కట్టెను. మాకు ఫీజు నిచ్చెను. మెట్లు దిగుచు ఒక నిమిషము నిలిచి, ఏమో చెప్పదలచినవానివలె మావైపు చూచెను. మఱియొక కేసు పిలుచుచుండగా మేము లోనికి పోయితిమి. మొదట అడుగవచ్చిన పండితుడు మేమే. విప్పి చెప్పలేకపోవుట యటుండనిండు, పుటను చూడనైన చూడలేదు.

ఆతని యూరు మాకు జ్ఞాపకమున్నది. వచ్చు మాసమున ఒక వాయిదాకై ఆ దారినే పోవలసియున్నది. పాతకట్టలు వెదకి ఇంటిపేరు, వీధి కనిపెట్టుమని గుమాస్తాగారితో చెప్పియున్నాము. ఆయన నిన్న రెండు కట్టలు విప్పెను. ఇంకను నాలుగు గలవు.