పదివేల ఏళ్ల వాలు

గని మూసేశాక మిగిలిన రాతిమట్టిని ఏ వాలులో పేర్చాలన్నది చూడటానికి ఇంజినీర్ల పని. ఆ వాలు ఎన్నేళ్లు నిలవాలని అడగగానే అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అవుతుంది: ఇంకా పుట్టనివారికి ఇప్పటివారు ఎంతవరకు జవాబుదారులు?

ఈ ప్రశ్నకు అంకెతో సహా జవాబు రాసుకున్న చోటు ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని రేంజర్ యురేనియం గని. చుట్టూ కకాడు జాతీయ వనం. నేల మిరార్ ఆదివాసులది. 1981లో మొదలైన ఉత్పత్తి 2021 జనవరిలో ఆగింది. టెయిలింగ్స్ అనే మెత్తని వ్యర్థాన్ని తవ్విన గోతుల్లోనే పూడ్చి, కనీసం 10,000 ఏళ్లు బయటపడకుండా ఉంచాలన్నది ప్రభుత్వ షరతు. మరో షరతు కూడా ఉంది: తిరిగి రూపుదిద్దిన నేల కోసుకుపోయే తీరు, చుట్టుపక్కల గని తగలని నేలల తీరుకు వీలైనంతవరకు దగ్గరగా ఉండాలి. ఈ రెండోదానిలోనే వివేకం ఎక్కువ. అసలు కోతే ఉండకూడదని అది కోరదు. ఏ కొండైనా కరుగుతుంది, పక్క కొండ కరిగినట్టే కరగమంటుంది.

లారీలు ఒంపిన రాతిగుట్ట తనంతట తాను సుమారు 35–37 డిగ్రీల వాలులో నిలుస్తుంది. కూలిపోకపోవచ్చు గానీ వానకు తట్టుకోదు. కకాడులో ఏటా సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన, దాదాపు అంతా నవంబరు, ఏప్రిల్ నెలల మధ్యే పడుతుంది. వాలు పొడవు పెరిగేకొద్దీ నీరు పోగవుతుంది, నిటారు పెరిగేకొద్దీ వేగం పుంజుకుంటుంది. ఒకచోట చేరిన నీరు వంక కోస్తుంది. వంక ఏటేటా పైకి పాకుతుంది. పాతిపెట్టినదాన్ని బయటపెట్టేది ఈ వంకే. అంతటా పలచగా కొట్టుకుపోయే మట్టికంటే దీనికే ఎక్కువ భయపడాలి.

పాత పద్ధతిలో దిబ్బను మెట్లు మెట్లుగా కట్టి, గట్లు వేసి, నీటిని రాతి కాలువల్లోకి మళ్లిస్తారు. గట్టు వెనక ఒండ్రు పేరుకుంటుంది. ఒక పెద్ద వానకు గట్టు పొర్లితే అది పోగుచేసిన నీరంతా ఒక్కచోటే దూకుతుంది. గట్టు నిలవాలంటే పూడిక తీసేవాడు ఎప్పటికీ ఉండాలి. రాబోయే ప్రతి తరానికీ, అడగకుండానే, కాపలా పని అంటగట్టినట్టు. వంశం మీద అప్పు రాసిపెట్టి పోవడానికీ దీనికీ తేడా లేదు.

సహజమైన కొండను చూసి నేర్చుకున్న రూపంలో వాలు పైన ఉబ్బి, కిందికి పోయేకొద్దీ చదునవుతూ లోపలికి వంగుతుంది. నీరు పెరిగే చోట వాలు తగ్గుతుంది కనుక కోత అదుపులో ఉంటుంది. పైన రాతిపొర, వాలుకు అడ్డంగా దున్నిన చాళ్లు, ఆ నేలకు చెందిన చెట్లు తోడవుతాయి. ఈ వాలుకు కాపలాదారుడు అక్కర్లేదు. నీతిపరంగా దీని గొప్పతనమంతా అందులోనే ఉంది.

10,000 అనే అంకె మాత్రం ప్రకృతి ఇచ్చింది కాదు. టెయిలింగ్స్‌లో మిగిలే థోరియం-230 సగం తరగడానికే సుమారు 75,000 ఏళ్లు పడుతుంది. మిరార్ల నేలలోనే ఉన్న మజెద్‌బెబె రాతి ఆశ్రయంలో మనుషులు సుమారు 65,000 ఏళ్ల కిందటే ఉన్నారని 2017లో వెలువడిన తవ్వకాల ఫలితాలు చెప్పాయి. గని యజమానులకు ఊహకందనంత దూరంగా తోచే గడువు అక్కడివారి చరిత్రలో చిన్న భాగం.

అంత దూరపు మనుషులకు బాకీ పడటం సాధ్యమా? 1984లో తత్త్వవేత్త డెరెక్ పార్ఫిట్ ఒక చిక్కు ముందుంచాడు: నేటి నిర్ణయం మారితే రేపు పుట్టేవారే మారిపోతారు, అప్పుడు నష్టం ఎవరికి జరిగినట్టు? వ్యక్తులను లెక్కపెడుతూ పోతే ఈ ముడి విడదు. నేలను లెక్కలోకి తీసుకుంటే విడుతుంది. తవ్విన చోటు త్వరగా మళ్లీ మొలవాలని, భూమి మర్మస్థానానికి గాయం తగలకూడదని కోరుకోవడం అథర్వవేదంలోని భూమిసూక్తంలో ఉంది. అక్కడ బాకీ నేరుగా భూమికే. ఎవరు పుట్టినా ఆ నేల మీదే నడుస్తారు కనుక అది వారికీ చెల్లుతుంది.

సైబీరియా, సీజర్-లిస్‌ఫ్లడ్ వంటి కంప్యూటర్ నమూనాలు దిబ్బను వేల ఏళ్లు ముందుకు నడిపించి వంక ఎక్కడ పుట్టవచ్చో చూపుతాయి. వాటిని జోస్యంగా నమ్మకుండా, రెండు రూపాల్లో ఏది ముందు చెడుతుందో పోల్చడానికి వాడటమే నిజాయితీ.

1976 నాటి ఆదివాసీ భూహక్కుల చట్టం గని వద్దనే హక్కును నేల యజమానులకు ఇచ్చింది. రేంజర్‌ను మాత్రం ఆ హక్కు నుంచి మినహాయించింది. కాదనే వీలు లేకుండా పోయినవారికే ఇప్పుడు ఆ నేల తిరిగి చేరాలి. అది కాలినడకకు వీలుగా ఉండాలన్నది మిరార్ల కోరికల్లో ఒకటి. కోతను ఆపే పెద్ద రాళ్లు పాదాలకు అడ్డు. రాయి ఎంత పెద్దదై ఉండాలో వంకల లెక్క ఒక్కటే తేల్చలేదు. అక్కడ నడిచేవారిని అడిగే తేల్చాలి.